ఇస్తానన్న బిడ్డ

వాక్యభాగములు: ఆదికాండము 22:1-19, 1 సమూయేలు 1:9-28, 2:18-21

 వంటింట్లో పని చేసుకొంటూ వింటున్న తల్లులకు, పొలము నుండి వచ్చి అరుగు మీద కూర్చున్న పెద్దలకు, ఆసుపత్రి మంచము మీద ఉండి వింటున్న వారికి, అందరికీ వందనములు. ఈ రోజు నేను వేరొక వాక్యము సిద్ధపరచుకొన్నాను గాని, గత వారము వచ్చిన ఒక ఉత్తరము నన్ను ఆ వాక్యము దగ్గరకు పోనివ్వలేదు. కాబట్టి ఆ ఉత్తరముతోనే మొదలుపెడతాను.

తెనాలి నుండి ఒక సహోదరి వ్రాసింది. పదిమందికి ఉపయోగపడితే చెప్పండి, పేరు మాత్రం చెప్పవద్దు అని వ్రాసింది. చెప్పను. ఆమెకు ఒక్కతే కుమార్తె. ఆ పాప రెండేళ్ళ వయస్సులో జ్వరము వచ్చి, ఫిట్సు వచ్చి, మూడు రోజులు కండ్లు తెరవలేదట. ఆ మూడవ రాత్రి ఆసుపత్రి వరండాలో ఈ తల్లి మోకరించి, "ప్రభువా, దీనిని బ్రతికించు, నీ సేవకే ఇచ్చేస్తాను" అని మొక్కుకొంది. పాప బ్రతికింది. పెరిగింది. నర్సింగు చదివింది. ఇప్పుడు ఆ అమ్మాయి, "అమ్మా, నేను ఛత్తీస్‌గఢ్‌లో ఒక మిషను ఆసుపత్రికి పోతాను, అక్కడ నర్సులు చాలక ఇబ్బంది పడుతున్నారు" అంటోంది. సరిగ్గా ఇదే సమయములో అమెరికా సంబంధము ఒకటి వచ్చింది. మంచి కుటుంబము, రక్షింపబడిన అబ్బాయి. తల్లి మనస్సు అటు లాగుతోంది.

ఉత్తరము చివర ఆమె వ్రాసిన మాటలు ఇవి: "అయ్యగారూ, అప్పుడు ఇస్తానన్నాను గాని ఇప్పుడు ఇవ్వలేకపోతున్నాను. నా మొక్కుబడి సంగతి ఇంతవరకు దానికి చెప్పలేదు. నేను ఇవ్వకపోతే దేవుడు దానిని తీసుకుంటాడా?"

ఈ ఉత్తరమును రేపల్లె నుండి తెనాలి వచ్చే రైలులో కూర్చుని మళ్ళీ చదివాను. రైలు దిగేవరకు నా దగ్గర జవాబు లేదు. ఆ మొదటి ప్రశ్న సంగతి సరే, చివరి ప్రశ్న చూడండి. ఇవ్వకపోతే తీసుకుంటాడా? మన సంఘాలలో ఎంతమంది తల్లిదండ్రులు ఈ ప్రశ్నను గుండెలో పెట్టుకొని ఆదివారము పాటలు పాడుతున్నారో నాకు తెలుసు. పైకి చెప్పరు. బిడ్డకు కాస్త జ్వరము వచ్చినా, పరీక్ష తప్పినా, బండి మీద నుండి పడినా, "నా మొక్కుబడి వల్లనేనా?" అని లోలోపల వణుకుతారు.

ఇటువంటి మాట వచ్చినప్పుడు మనమందరము వెళ్ళే చోటు ఒకటే. ఆదికాండము 22వ అధ్యాయము. అబ్రాహాము, ఇస్సాకు, మోరీయా కొండ. మనకు ఎంత బాగా తెలిసిన కథ అంటే, పొట్టేలు దొరుకుతుందని ముందే తెలిసి చదువుతాము. అబ్రాహాముకు అది తెలియదు. పొట్టేలు పదమూడవ వచనములో వస్తుంది. దానికి ముందు మూడు దినముల దారి ఉంది.

ఆ మూడు దినములను గురించి మోషే ఏమీ వ్రాయలేదు. తెల్లవారుజామున లేచాడు, గాడిదకు గంత కట్టాడు, కట్టెలు చీల్చాడు, ఇద్దరు పనివాళ్ళను, కొడుకును వెంటబెట్టుకొని బయలుదేరాడు, అంతే. నూరేండ్లు దాటిన మనిషి, అంతమంది పనివాళ్ళున్న ధనవంతుడు, కట్టెలు తానే చీల్చాడు! వేరొకరి చేత చేయించలేని పనులు కొన్ని ఉంటాయి. శారాతో ఏమి చెప్పి బయలుదేరాడో వ్రాయబడలేదు. రాత్రులు ఎక్కడ పండుకొన్నారు, కొడుకు ప్రక్కన ఆ తండ్రికి నిద్ర పట్టిందా, అదీ వ్రాయబడలేదు. దేవునితో ఒక్క మాట వాదించినట్లు కూడా లేదు. సొదొమ పట్టణము కొరకు యాభైమంది, నలభైమంది, ముప్ఫైమంది అని బేరమాడిన మనిషే, సొంత కొడుకు దగ్గరకు వచ్చేసరికి నోరు తెరవలేదు. ఇది విశ్వాసమేనా, లేక నోట మాట రానంత దుఃఖమా అని నన్నడిగితే, రెండూ ఒకే గుండెలో ఉండవచ్చునని చెబుతాను.

ఇంకొక సంగతి. దాని ముందు అధ్యాయము తెరిచి చూడండి. అక్కడ కూడా అబ్రాహాము తెల్లవారుజామున లేచాడు. ఎందుకు? రొట్టె, నీళ్ళ తిత్తి హాగరు భుజము మీద పెట్టి, ఇష్మాయేలును ఇంటి నుండి పంపివేయడానికి. అంటే మోరీయాకు బయలుదేరిన తండ్రి ఒక కొడుకును అప్పటికే పోగొట్టుకొన్నవాడు. మిగిలింది ఒక్కడు. మన పూర్తి బైబిలులో ప్రేమ అనే మాట మొట్టమొదట వచ్చేది కూడా ఇక్కడే, ఈ 22వ అధ్యాయము రెండవ వచనములో. భార్యాభర్తల ప్రేమను గురించి కాదు, ఒక తండ్రి తన కొడుకును ప్రేమించడము గురించి. దేవునికి ఆ ప్రేమ తెలుసు. తెలిసే, ఆ ప్రేమను పేరు పెట్టి చెప్పి మరీ అడిగాడు.

అయితే ప్రియులారా, దేవుడు ఆ బిడ్డ రక్తమును కోరాడా? లేదు. చుట్టుప్రక్కల జనములు బిడ్డలను మోలెకుకు బలి ఇచ్చే కాలమది. ధర్మశాస్త్రము వచ్చినప్పుడు దేవుడు దానిని కచ్చితంగా నిషేధించాడు. యిర్మీయా దినములలో అటువంటిది తన మనస్సుకే తోచలేదన్నాడు. మోరీయా మీద కత్తి ఎత్తిన చెయ్యిని రెండుసార్లు పేరు పెట్టి పిలిచి ఆపినవాడు ఆయనే. కాబట్టి మొక్కుకొన్న తల్లి బాకీ తీర్చలేదని ఆమె బిడ్డను జప్తు చేసుకొనే షావుకారు వంటివాడు మన దేవుడు అని ఎవరైనా బోధిస్తే, ఆ బోధ మోరీయా కొండ ఎక్కలేదు. క్రిందనే, గాడిద దగ్గరే ఆగిపోయింది.

ఇంతవరకు చెప్పి ముగించవచ్చు. కాని నేను ముగించలేను. ఎందుకంటే పొట్టేలు దొరకని వారు కూడా ఈ కార్యక్రమము వింటున్నారు.

1977 నవంబరు 19, శనివారము. దివిసీమ ఉప్పెన అని లోకమంతా చెప్పుకొంటుంది. 10,000 మంది దాకా చనిపోయారని లెక్కలు చెప్పారు. అది ఒక్క దివిసీమకే వచ్చిన కష్టము కాదు. కృష్ణకు ఇవతల రేపల్లె ప్రాంతమూ, బాపట్ల ప్రాంతమూ కూడా ఆ రాత్రి అల్లాడిపోయినవి. ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నాము గాని, అది 2022లో ఏర్పడింది, అప్పట్లో ఇదంతా గుంటూరు జిల్లాయే. నేను అప్పటికి పదిహేనేళ్ళ వాడిని, రేపల్లె దగ్గర మా ఊరిలో ఉన్నాను. వరి కోతకు వచ్చి ఉంది. సాయంత్రానికి తాటిచెట్లు నేలను తాకేటట్లు వంగిపోతున్నవి. మా ఇంటి పైకప్పు లేచిపోతే, రాత్రంతా మా నాన్న మమ్మలను గోడవారగా కూర్చోబెట్టి మా మీద తడిసిన గోనెపట్టా పట్టుకొని నిలబడ్డాడు. తెల్లవారి చూస్తే ఊరు లేదు, నీళ్ళున్నాయి.

బాపట్లలో ఆ రాత్రి ఏమి జరిగిందో పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. ఇళ్ళు విడిచి ఒక దేవాలయములో తలదాచుకొన్న వారి మీద ఆ కట్టడమే కూలింది. సుమారు వందమంది చనిపోయారు. దేవుని మందిరము కదా, ఇక్కడైతే భయము లేదని వెళ్ళినవారు. వారిలో మా మేనత్త కొడుకు ఒకడు. పదకొండేళ్ళవాడు. గాలి ఎక్కువైనప్పుడు ఇరుగుపొరుగు వారితో వాడిని ముందు పంపి, మేకలను విప్పి వస్తానని మా అత్త ఆగింది. ఆమె వెళ్ళేసరికి దారి లేదు. ఆమె బ్రతికింది.

తరువాత కొన్ని సంవత్సరములకు నేను వేదాంతము చదివి, కొత్తగా అభిషేకము పొంది, ఆమె ఉండే సంఘములో ఒక ఆదివారము వాక్యము చెప్పడానికి వెళ్ళాను. కొత్త తెల్లంగీ, కొత్త ఉత్సాహము. ఇదే వాక్యభాగము తీసుకొన్నాను. చెబుతూ చెబుతూ, "ఈ ఊరి తల్లులారా, మీరు కూడా అబ్రాహాము వలె మీ ప్రియమైన బిడ్డలను దేవునికి అర్పించినవారే" అన్నాను. నాకు అది గొప్ప ఆదరణగా తోచింది. కొందరు ఏడ్చారు. వాక్యము బాగా పని చేసిందనుకొన్నాను.

ఆరాధన అయిన తరువాత మా అత్త నన్ను ఇంటికి పిలిచి అన్నం పెట్టింది. తినేవరకు ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కొన్న తరువాత అంది: "ఒరే నాయనా, నేను అర్పించలేదురా. నన్నెవరూ అడగలేదు. చలిగాలి అని వాడికి దుప్పటి కప్పి పంపానంతే. అబ్రాహామును ముందు అడిగాడు, తరువాత బిడ్డను తిరిగి ఇచ్చాడు. నన్ను అడగలేదు, తిరిగి ఇవ్వలేదు. ఇచ్చానని మాత్రము అనవద్దు, అది వాడికి అన్యాయము."

నేను ఏదో చెప్పబోయాను. "అత్తా, దేవుని చిత్తము..." అన్నాను. "దేవుని సంగతి నేనూ దేవుడూ చూసుకొంటాము, నువ్వు మజ్జిగ తాగు" అంది.

శ్రోతలారా, నేను వేదాంత కళాశాలలో నేర్చుకొనని పాఠము ఆ రోజు ఆ పీట మీద కూర్చుని నేర్చుకొన్నాను. ఇవ్వడము వేరు, పోగొట్టుకోవడము వేరు. పోగొట్టుకొన్నవారి దగ్గరకు వెళ్ళి నీవు ఇచ్చావని పొగడవద్దు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంత వరకు మంచి స్నేహితులే, నోరు తెరచిన తరువాతనే చెడిపోయారు. ఆ రోజు తరువాత ఏ మరణము దగ్గరా నేను అబ్రాహాము పేరు ఎత్తలేదు. మరి మా అత్త దేవుని విడిచిపెట్టిందా అంటే, లేదు. మందిరములో మూడవ వరుసలో, స్తంభము ప్రక్కన చోటు ఆమెది. అయితే పైకప్పు వైపు చూసి గాని కూర్చునేది కాదు. ప్రతి ఆదివారము చూసేది.

ఆమె ఇంకొక పని చేసేది. అది చెప్పాలంటే ముందు హన్నా దగ్గరకు రావాలి. మన తెనాలి సహోదరి ఉత్తరమునకు నిజమైన జవాబు కూడా అక్కడే ఉంది, ఎందుకంటే ఈ సహోదరి అబ్రాహాము కాదు, హన్నా. ఆమెను దేవుడు అడగలేదు. ఆమే మొక్కుకొంది.

హన్నా షిలోహులో మొక్కుకొంది, కుమారుడు పుట్టాడు. వెంటనే తీసుకొని పోయిందా? లేదు. మరుసటి సంవత్సరము ఇంటిల్లిపాదీ షిలోహుకు బయలుదేరితే, పాలు విడిచేవరకు రానని చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది. ఎల్కానా కూడా, నీకు మంచిదని తోచినట్లు చేయమన్నాడు. ఎంత మంచి భర్త! ఆ రోజులలో పాలు విడవడమంటే రెండు మూడు సంవత్సరములు. హన్నా ఆలస్యము చేసిందని దేవుడు కోపించినట్లు ఎక్కడా లేదు. చంకలో బిడ్డ ఉన్నన్నాళ్ళూ ఆ తల్లి ఒక్కొక్క రోజు లెక్క పెట్టుకొని ఉంటుంది. తరువాత తీసుకొని వెళ్ళింది, ఏలీకి అప్పగించింది.

తరువాత ఏమి జరిగింది? ఇక్కడ పరిశుద్ధాత్మ దేవుడు ఒక చిన్న సంగతి వ్రాయించాడు. రాజులను, యుద్ధములను గురించి వ్రాసే గ్రంథములో ఒక కుట్టుపని సంగతి ఉంది. ప్రతి సంవత్సరము బలి అర్పించడానికి భర్తతో కలిసి వెళ్ళేటప్పుడు హన్నా ఆ బిడ్డకు చిన్న అంగీ కుట్టి తీసుకొని పోయేది. తల్లులారా, మీకు తెలుస్తుంది ఆ మాట. సంవత్సరానికి ఒక్కసారి చూసే బిడ్డకు కొలత ఎట్లా? మన ఊళ్ళలో హాస్టలులో వేసిన పిల్లవాడికి పండుగకు చొక్కా కుట్టించే తల్లి ఏమి చేస్తుంది? ప్రక్కింటి పిల్లవాడిని నిలబెట్టి, "మావాడు వీడికంటే ఒక బెత్తెడు పొడుగుంటాడు" అని దర్జీకి చెబుతుంది. హన్నా కూడా రామాలో ఏ ప్రక్కింటి పిల్లవాడినో నిలబెట్టి కొలిచి ఉంటుంది. దేవునికి ఇచ్చేశాను కదా, ఇక నాకెందుకు అనుకోలేదు. ఇచ్చిన తరువాత కూడా ప్రేమ పెరుగుతూనే ఉంది, అంగీతోపాటు ప్రతి యేడు ఒక బెత్తెడు.

సమర్పణ అంటే ప్రేమించడము మానుకోవడమని కొందరు బోధిస్తారు. బిడ్డను ఎక్కువగా ప్రేమిస్తే అది విగ్రహమైపోతుందని తల్లులను భయపెడతారు. హన్నా అంగీని వారు చదవలేదేమో.

మా మేనత్త సంగతి చెబుతానన్నాను. ప్రతి క్రిస్మసుకు ఆమె చొక్కా గుడ్డ కొని దర్జీ దగ్గరకు వెళ్ళేది. కొలత అడిగితే, "ఇప్పటికి పదమూడేళ్ళుంటాయి" అనేది. మరుసటి సంవత్సరము, "పద్నాలుగు" అనేది. ఆ చొక్కాను బోర్డింగులో ఆ వయస్సు పిల్లవాడు ఎవడైనా ఉంటే వాడికి ఇచ్చేది. ఎందుకిస్తున్నదో చెప్పేది కాదు. పదేళ్ళు అట్లా చేసి మానేసింది. ఎందుకు మానేశావు అత్తా అని అడిగాను. "ఇరవై ఒకటి వచ్చాయి గదరా, ఇక వాడి చొక్కాలు వాడే కుట్టించుకొంటాడు" అంది. అడగకుండానే పోయినదానిని ఆమె పదేళ్ళపాటు కొంచెము కొంచెముగా, తన చేత్తో, తన ఇష్టముతో ఇచ్చింది. దానిని అర్పణ అనవచ్చునేమో. ఆమె బ్రతికి ఉండగా ఆమె ముందు మాత్రము ఆ మాట అనే ధైర్యము నాకు లేకపోయింది.

ఇప్పుడు తెనాలి సహోదరితో మాట్లాడతాను. మిగిలినవారు ప్రక్కన కూర్చుని వినండి.

అమ్మా, నీ మొక్కుబడిని దేవుడు తేలికగా చూడడు. అయితే నీ బిడ్డను ఉరిలో పెట్టడానికి దానిని వాడుకోడు. లేవీయకాండము 27వ అధ్యాయము చదువు. మనము ఎప్పుడూ చదవని అధ్యాయము, పేర్లూ వెలలూ అని దాటిపోతాము. మనుష్యులను దేవునికి మొక్కుకొన్నవారు ఏమి చేయాలో అక్కడ ఉంది. ఇరవై నుండి అరవై ఏండ్ల లోపు పురుషునికి 50 తులముల వెండి, స్త్రీకి 30 తులములు, అంత ఇవ్వలేని బీదవాడైతే యాజకుడు వాని శక్తినిబట్టి వెల నిర్ణయించాలి. (పాస్టరుగారికి డబ్బు కట్టి మొక్కుబడి విడిపించుకొమ్మని నేను చెప్పడము లేదు. అట్లా అడిగే పాస్టరుగారు ఎవరైనా ఉంటే లేచి వచ్చెయ్యి.) నేను చెప్పేదేమంటే, వణికే గుండెతో, రాత్రివేళ మనిషి ఏమి మాట్లాడతాడో దేవునికి తెలుసు. ఆ మాట కొరకు ఆయన ముందే తలుపు తెరచి పెట్టాడు. ఆ తలుపు ఉన్నదని తెలియక, లేక తెలిసికూడా అటు వెళ్ళక, యెఫ్తా తన ఒక్కగానొక్క కుమార్తెను పోగొట్టుకొన్నాడు. ఆ పనిని దేవుడు మెచ్చుకొన్నట్లు ఎక్కడా వ్రాయబడలేదు.

రెండవది, ఆ అమ్మాయి నీ మొక్కుబడి కాదు. ఆమె ఒక మనిషి. ఇది నేను నేర్చుకొన్న తీరు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది గాని చెబుతాను.

నాకు పెద్ద కుమారుడు పుట్టినప్పుడు సంఘము ముందు వాడిని ఎత్తి పట్టుకొని, వీడిని ప్రభువు సేవకు ఇచ్చివేశాను అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. వాడు పెరిగినంతకాలము ఆ మాట వాడి మీద బరువుగా ఉంది. ఇంటర్ అయిన తరువాత వేదాంత కళాశాలకు దరఖాస్తు నేనే పూర్తి చేశాను, వాడు సంతకము పెట్టాడు. రెండేళ్ళకు తిరిగి వచ్చాడు. "నాన్నా, నాకు పిలుపు లేదు. మీకు ఉంది. నన్ను వదిలెయ్యండి" అన్నాడు. నాకు ఎంత కోపము వచ్చిందంటే, ఎనిమిది నెలలు వాడితో సరిగా మాట్లాడలేదు. దేవునికిచ్చిన వాడిని దేవుని దగ్గర నుండి దొంగిలించావని వాడి తల్లి ముందు అన్నాను. ఒక రాత్రి మోకాళ్ళ మీద ఉండగా నాకు నేనే అడుగుకొన్నాను, వీడిని నేను ఎవరికి ఇచ్చాను? దేవునికి ఇచ్చి ఉంటే, దేవుడు వీడిని ఎక్కడ పెట్టుకొంటే నాకేమిటి? నేను ఇచ్చింది దేవునికి కాదు. పాస్టరుగారి కొడుకు కూడా పాస్టరే అని నలుగురూ చెప్పుకోవాలన్న నా ఆశకు ఇచ్చాను. నేను అన్నిటికంటె ఎక్కువగా ప్రేమించింది నా కొడుకును కూడా కాదు, ఆ పేరును. అర్పించవలసింది అది. అది చాలా కష్టమైంది. ఇప్పటికీ సభలలో ఎవరైనా, మీ అబ్బాయి ఏ సంఘములో ఉన్నారండీ అని అడిగితే లోపల ఏదో కదులుతుంది. వాడు హైదరాబాదులో లిఫ్టులు బాగుచేసే పని చేస్తున్నాడు. మంచి పనివాడు. ఇద్దరు పిల్లలు.

ఇస్సాకును చూడండి. కొండ ఎక్కేటప్పుడు కట్టెలు మోసింది ఆ పిల్లవాడే. అంత బరువు మోయగలిగినవాడు నూరేండ్లు దాటిన తండ్రి చేతులను విడిపించుకొని పరుగెత్తలేడా? అతడు గొఱ్ఱెపిల్ల ఏదని అడిగాడు. తండ్రి జవాబు చెప్పాడు. ఆ తరువాత కూడా ఇద్దరూ కలిసే నడిచారని వ్రాయబడింది. అడిగే హక్కు ఇస్సాకుకు ఉంది. మీ ఇంట్లో ఇస్సాకుకు ఆ హక్కు ఉందా?

మన ప్రాంతములో మిషనెరీలను గురించి చెప్పుకొనేటప్పుడు వారి త్యాగములు చెబుతాము. హయ్యరు దొర 1842 జూలై 31న గుంటూరు వచ్చాడు. భార్య చనిపోయి మూడేళ్ళయింది, పిల్లలను అమెరికాలో విడిచి వచ్చాడు. డెబ్భైఆరేళ్ళ వయస్సులో, 1869లో, మళ్ళీ మన దేశానికి వచ్చాడు. గొప్ప సంగతే. అయినా ఆ పిల్లలను తలంచుకొంటాను నేను. తల్లి లేదు, తండ్రి సముద్రము అవతల. వారిని ఎవరైనా అడిగారా? దొరను తప్పు పట్టడము లేదు, ఆయన విత్తినదానిని తింటున్నవాళ్ళము మనము. అడుగుతున్నానంతే.

అన్నా కుగ్లరు అమ్మగారి సంగతి వేరు. గుంటూరులో మనమందరము ఎరిగిన కుగ్లరు ఆసుపత్రి ఆమె పేరుదే. ఆమె వైద్యము చదివిన స్త్రీ. 1883లో గుంటూరు వచ్చేనాటికి ఆమెను డాక్టరుగా పంపడానికి మిషను సిద్ధముగా లేదు. బడి పని, ఇండ్లలోని స్త్రీల మధ్య పని అప్పగించారు. అయినా వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఎవరూ ఆమెను మొక్కుకొని పంపలేదు. వద్దన్నా ఆగని పిలుపు ఆమె లోపల ఉంది. అమ్మా, నీ కూతురు లోపల అటువంటిది ఉన్నదో లేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమెను అడగాలి.

కాబట్టి ఈ రాత్రి భోజనాలయిన తరువాత ఆమెను కూర్చోబెట్టుకొని, ఆసుపత్రి వరండాలో నీవు మొక్కుకొన్న సంగతి చెప్పు. ఇన్నేళ్ళు దాచిన సంగతి. చెప్పి, "ఇది నా మొక్కుబడి, నీ మెడకు కట్టడము లేదు" అని కూడా చెప్పు. అమెరికా సంబంధము సంగతీ దాచవద్దు. నీకు భయముగా ఉన్నదని చెప్పు. తరువాత ఆమె మాట విను. ఛత్తీస్‌గఢ్ వెళ్తానంటే, వెళ్ళే రోజు తెనాలి స్టేషనులో నీవు ఏడుస్తావు. ఏడువు. అబ్రాహాము ఏడవలేదని ఎవరు చెప్పారు? వెళ్ళనని పెండ్లి చేసుకొంటానంటే, ఆ విమానము ఎక్కేటప్పుడు కూడా నీవు ఏడుస్తావు. ఎటు పంపినా నీ ఇల్లు ఖాళీయే. బిడ్డను దగ్గర పెట్టుకొనే దారి నీకు ఈ రెండింటిలోనూ లేదమ్మా. ఆ సంగతి నీ ఉత్తరములో ఎక్కడా కనిపించలేదు. బహుశా నీ అసలు బాధ అదే.

దేవుణ్ణి బ్రతిమాలుకోవడము అవిశ్వాసము అనుకోవద్దు. గెత్సేమనే తోటలో మన ప్రభువు ఆ గిన్నెను తొలగించమని మూడుసార్లు అడిగాడు. ఒక్కసారి కాదు. తండ్రి చిత్తమునకు లోబడి కూడా మళ్ళీ వెళ్ళి అదే అడిగాడు. ఆయన కొరకు పొట్టేలు రాలేదు. కొండ మీద కత్తిని ఆపిన స్వరము కల్వరి మీద మౌనముగా ఉంది. రోమా పత్రిక 8వ అధ్యాయములో పౌలు ఆ సంగతి చెప్పి, తన సొంత కుమారునినే మన కొరకు అప్పగించినవాడు మిగిలినవి ఇవ్వకుండా ఉంటాడా అని అడుగుతాడు. నా మేనత్తతో మజ్జిగ దగ్గర నేను చెప్పవలసిన మాట అది, చెప్పలేకపోయాను. ఆమె పోగొట్టుకొన్నదానిని ఇచ్చానని పొగడని దేవుడు ఆయన. బిడ్డ పోయిన ఇంటి సంగతి ఆయనకు బయటనుండి తెలిసినది కాదు.

ప్రార్థన చేసుకొందాము.

ప్రభువా, ఈ రాత్రి తెనాలిలో ఒక ఇంట్లో ఒక తల్లి, ఒక కూతురు మాట్లాడుకోబోతున్నారు. తల్లికి ముందు మాట అందించుము. కూతురికి చివరివరకు వినే ఓపిక ఇయ్యుము. బాపట్లలో, రేపల్లెలో, సముద్రము ఒడ్డున ఊళ్ళలో 1977 నుండి ఒక పేరు ఇంటిలో పైకి పలుకకుండా జీవిస్తున్న ముసలి తల్లిదండ్రులున్నారు. వారి దగ్గరకు వెళ్ళే మా వంటి బోధకుల నోటికి కావలి ఉంచుము. హాస్టళ్ళలో, పరాయి ఊళ్ళలో, గల్ఫులో, అమెరికాలో ఉన్న బిడ్డలకు ఈ రోజు వారి తల్లి ఫోను చేసినప్పుడు దానిని ఎత్తే మనస్సు ఇయ్యుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.